చెల్లో కుర్చీలోంచి లేచిన కండక్టర్

బరోక్ సంగీతానికే అంకితమైన కండక్టర్, అంటే వాద్యబృందాన్ని ముందు నిలబడి నడిపే మనిషి, అనే ఉద్యోగంలో ఒక తిరకాసు ఉంది. ఆ సంగీతం పుట్టిన కాలంలో ఆ ఉద్యోగం లేదు. సుమారుగా 1600 నుంచి 1750 వరకు యూరప్‌లో రాసిన సంగీతాన్ని ఇవాళ బరోక్ అంటున్నాం. ఆ నూట యాభై ఏళ్లలో, తాను ఏ వాద్యమూ వాయించకుండా, శ్రోతలకు వీపు పెట్టి నిలబడి చేతులు ఊపే మనిషి దాదాపుగా ఎక్కడా కనిపించడు. పియానోకు ముందరి కీబోర్డు వాద్యమైన హార్ప్‌సికార్డ్ ముందు కూర్చున్నవారో, మొదటి వయొలిన్ వాయించేవారో తలతోనూ కమానుతోనూ సైగ చేసి మిగతావారిని నడిపేవారు. పెద్ద బృందాలకు చర్చిల్లో కాగితపు చుట్టతో, ఫ్రెంచి ఆస్థానంలో కర్రతో తాళం వేయడం ఉండేది గానీ అది తాళం వేయడమే తప్ప, సంగీతానికి అర్థం చెప్పే అధికారం కాదు. పద్నాలుగో లూయీ ఆస్థాన సంగీతకారుడు లుల్లీ 1687 జనవరిలో, రాజు జబ్బు నుంచి కోలుకున్న సందర్భంగా జరిగిన ప్రదర్శనలో, అలాంటి కర్రతో నేల మీద తాళం వేస్తూ తన పాదాన్నే గాయపరచుకున్నారు. పుండు ముదిరి మార్చిలో కన్నుమూశారు. కండక్టర్ వృత్తికి పూర్వరూపం ఏదైనా ఉందంటే ఇదే, ఇది అంత మంచి శకునమేమీ కాదు.

మరి లేని ఉద్యోగంలో ఇరవయ్యో శతాబ్దపు సంగీతకారులు కొందరు యాభై అరవై ఏళ్లు ఎలా గడిపారు, ఏం చేసి గడిపారు? పాత సంగీతాన్ని అప్పట్లో ఎలా వినిపించిందో అచ్చంగా అలాగే తిరిగి వినిపించారన్నది రికార్డు కంపెనీలు దశాబ్దాల పాటు చెప్పిన జవాబు. ఆ జవాబు తప్పని, పైగా ఆ కళాకారుల గొప్పతనాన్ని అది తక్కువ చేస్తుందని నా అభిప్రాయం. కాగితం మీద రాయకుండా వదిలేసిన వాటి గురించి సరైన ప్రశ్నలు వేయడం, ఒక జవాబుకు కట్టుబడి దాని బాధ్యత నెత్తిన వేసుకోవడం, మళ్లీ పదేళ్లకు ఆ జవాబునే అనుమానించడం వారు చేసిన అసలు పని. ఆ పని నేర్పే బడి కండక్టర్ నిలబడే వేదిక కాదు, వాద్యకారుడు కూర్చునే కుర్చీ. ఈ మాటకు నాకు దొరికిన అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఆస్ట్రియాకు చెందిన నికొలౌస్ హార్నన్‌కూర్ వృత్తి జీవితం.

ఆయన 1929 డిసెంబరు 6న బెర్లిన్‌లో పుట్టి, ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణంలో పెరిగారు. వంశం చాలా పెద్దది, తల్లి వైపున హబ్స్‌బుర్గ్ రాజకుటుంబపు ఆర్చ్‌డ్యూక్ యోహాన్ వారసత్వం ఉంది. అయితే ఆస్ట్రియా 1919లోనే బిరుదులను రద్దు చేసింది, యుద్ధం తర్వాతి వియన్నాలో వంశం పేరు చెబితే రొట్టె వచ్చేది కాదు. వయొలిన్ కుటుంబంలోనే కూర్చుని వాయించే పెద్ద వాద్యమైన చెల్లో నేర్చుకున్న ఆ యువకుడు 1952లో వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో ఉద్యోగంలో చేరారు. ఆయనను ఎంపిక చేసింది అప్పట్లో ఆ ఆర్కెస్ట్రాను ప్రధానంగా నడుపుతున్న హెర్బర్ట్ ఫాన్ కరాయన్. ఆ కుర్చీలో హార్నన్‌కూర్ 1969 దాకా, అంటే 17 ఏళ్లు కూర్చున్నారు.

ఈ పదిహేడేళ్లను ఆయన జీవిత కథలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నాకు మాత్రం ఆ వృత్తి జీవితానికి పునాది అక్కడే కనిపిస్తుంది. నెల తిరిగేసరికి జీతం, చేతినిండా పని, రోజుకో కండక్టర్. బీథోవెన్, బ్రామ్స్, బ్రుక్నర్ సింఫనీలను బృందం లోపలి నుంచి, పక్కవాడి కమాను తగిలేంత దగ్గర నుంచి, వందల సార్లు వినే అవకాశం. ఏ కండక్టర్ చెప్పిన మాట వల్ల వాయిద్యం మారింది, ఏది గాలికి పోయింది అన్నది అక్కడ కూర్చున్నవారికి తెలిసినంతగా శ్రోతలకు తెలియదు, ఆ కండక్టర్‌కే తెలియదు. మోజార్ట్ 40వ సింఫనీని మళ్లీ మళ్లీ ముద్దుగా, మర్యాదగా, ఎవరినీ కదిలించకుండా వాయించవలసి రావడం ఇక భరించలేకే ఆ కొలువు వదిలేశానని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ అసహనం ఒక పూటలో పుట్టింది కాదు, పదిహేడేళ్ల జీతం రాళ్లతో పాటు పోగైంది.

ఆ ఉద్యోగంలో ఉండగానే మరో సంసారం సమాంతరంగా నడిచింది. 1949లోనే తోటి విద్యార్థులతో కలిసి కాళ్ల మధ్య పట్టుకుని కమానుతో వాయించే వియోలా ద గాంబా అనే పాత వాద్యాల చతుష్టయాన్ని మొదలుపెట్టారు. అందులో ఒకరైన వయొలినిస్టు ఆలీస్ హోఫెల్నర్‌ను 1953లో పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఇద్దరూ కలిసి కొందరు ఆర్కెస్ట్రా మిత్రులతో కొంసెంతుస్ మూసికుస్ వీన్ అనే బృందాన్ని స్థాపించారు. ఆ బృందం తొలి బహిరంగ కచేరీ 1957లో గానీ జరగలేదు. మధ్యలో నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని సాధన చేయడం, పాత వాద్యాలను వెతికి కొనడం, మరమ్మతు చేయించడం, వాటిని ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడంతోనే సరిపోయింది. ఇవాళ ఒక కొత్త బరోక్ బృందం నాలుగేళ్లు వేదిక ఎక్కకుండా ఉంటే దానికి ఆర్థిక సహాయం చేసేవారు ముందే చేతులెత్తేస్తారు. జీతమిచ్చే కొలువు వేరే ఉండటం వల్లనే ఆ నాలుగేళ్లు సాధ్యమయ్యాయి కనుక, కడుపు నింపని కళను నిలబెట్టడానికి కడుపు నింపే కళ పక్కనుండాలన్న సంగతిని ఈ కథ నుంచి తీసేయడం న్యాయం కాదు.

వాద్యం మారితే ఏం మారుతుందో చెప్పకుండా ఈ వాదన ముందుకు సాగదు. ఇవాళ మనకు తెలిసిన వయొలిన్ కమాను 1780ల ప్రాంతంలో పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ చేతిలో స్థిరపడిన రూపం. దాని పుల్ల వెంట్రుకల వైపు, అంటే లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు వల్ల మొదలు నుంచి కొస దాకా ఒకే బలంతో లాగవచ్చు, కిందికి లాగినా పైకి నెట్టినా ధ్వని సమానంగా వస్తుంది. అంతకు ముందరి కమాను బయటికి వంగి, పొట్టిగా, కొస తేలిగ్గా ఉండేది. దానితో స్వరం మొదలైన కొద్దిసేపటికే దానంతట అదే సన్నగిల్లుతుంది. కిందికి లాగిన స్వరం బరువుగా, పైకి నెట్టిన స్వరం తేలిగ్గా పలుకుతుంది. మాటల్లో ఒక అక్షరం మీద ఊనిక పడి తర్వాతిది జారిపోయినట్టుగా స్వరాలు జంటలు కడతాయి. గొర్రె పేగుతో చేసిన తీగలు, నేలకు ఆనించే కడ్డీ లేకుండా పిక్కల మధ్య ఇరికించి పట్టుకునే చెల్లో, కవాటాలు లేని ట్రంపెట్, ఇప్పటికన్నా సుమారు అర్ధస్వరం తక్కువ శ్రుతి, ఇవన్నీ కలిసినప్పుడు సంగీతం సాగదీసిన గీతలా కాక వాక్యంలా వినిపిస్తుంది. 1800కు ముందరి సంగీతం మాట్లాడుతుంది, తర్వాతి సంగీతం బొమ్మ గీస్తుంది అని హార్నన్‌కూర్ జీవితాంతం వాదించిన సిద్ధాంతానికి మూలం గ్రంథాలయం కన్నా ముందు ఈ కమానులో ఉంది. ఆ సిద్ధాంతం కాస్త మోటుగా గీసిన గీతే, షూబెర్ట్ పాటలు మాట్లాడటం లేదని ఎవరంటారు? అయినా చేతిలో కమాను పట్టుకున్నవాడికి అది దారి చూపింది.

దగ్గరగా చూడటానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇటలీ బరోక్ రచయిత వివాల్ది 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించిన నాలుగు ఋతువుల కాన్చెర్టోలను, అంటే ఒక సోలో వాద్యానికి బృందం తోడుండే కృతులను, ఎరగని శ్రోత ఇవాళ ఉండడు, లిఫ్టుల్లోనూ విమానాశ్రయాల్లోనూ వాటిని అరగదీశారు. వసంత ఋతువులోని రెండో భాగంలో మేకల కాపరి చెట్టు కింద నిద్రపోతుంటాడు. సోలో వయొలిన్ ఆ నిద్ర, మిగతా వయొలిన్లు ఆకుల గలగల. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వియోలా మాత్రం రెండేసి స్వరాలను పొడిపొడిగా అంటూ ఉంటుంది. అది మొరిగే కుక్క అని వివాల్ది స్వయంగా ఆ వరుస మీద రాశారు. అంతటితో ఊరుకోక, ఎప్పుడూ చాలా బిగ్గరగా, చించినట్టుగా వాయించాలని కూడా రాశారు. అయినా ఎన్నో పాత రికార్డింగుల్లో ఆ కుక్క మొరగదు, యజమాని నిద్ర చెడకుండా మెత్తగా మూలుగుతుంది. అందమైన నెమ్మది భాగంలో మొరటు చప్పుడు చేయడానికి వాద్యకారులకు మనసు రాలేదు. ఆలీస్ సోలో వయొలిన్‌తో 1977లో వచ్చిన కొంసెంతుస్ రికార్డింగులో వియోలా నిజంగానే మొరుగుతుంది. అది విన్న చాలామందికి ఒళ్లు మండింది. నాకు మొదటిసారి విన్నప్పుడు కలిగింది కూడా చిరాకే, ఆ తర్వాతనే ఆ భాగంలో నిద్రకు అర్థం వచ్చింది. పక్కన కుక్క మొరుగుతున్నా మేలుకోని నిద్ర అది. ఇందులో పరిశోధన అణువంతే, అచ్చులో ఉన్న మాటను చదవడమే. మిగిలినదంతా ఆ మాటను అమలు చేసే ధైర్యం.

రాసి ఉన్నదాన్ని చదవడం సులువైన సగం. రాయనిదాన్ని పూరించడం కష్టమైన సగం. బరోక్ తొలినాళ్ల ఇటలీ రచయిత మొంతెవెర్ది ఒపేరాలలో మనకు మిగిలినవి మూడే. 1607లో మాంటువాలో ప్రదర్శించిన ఒర్ఫెయొకు అచ్చుప్రతి ఉంది, అందులో వాద్యాల పట్టిక ఉంది, నరకపు నావికుడిని ఒప్పించడానికి ఒర్ఫెయొ పాడే పాటకు సాదా రూపమూ అలంకరించిన రూపమూ పక్కపక్కనే అచ్చు వేశారు. ఆయన చివరి రోజుల్లో 1643లో వెనిస్‌లో వచ్చిన పొప్పేయా ఒపేరా దగ్గరకు వచ్చేసరికి ఆ సౌకర్యం లేదు. వెనిస్‌లో ఒకటి, నేపుల్స్‌లో ఒకటి రాతప్రతులు దొరికాయి, అవి కూడా ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. వాటిలో చాలా చోట్ల గాత్రపు వరుస, దాని కింద మంద్రపు వరుస, అంతే. ఏ వాద్యాలు వాయించాలి, ఎన్ని, మధ్యలో శ్రుతులు ఎలా నింపాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి అన్నవి కాగితం మీద లేవు. అంటే మూడు గంటల నాటకానికి రెండు గీతలు ఇచ్చి మిగతాది మీరే చూసుకోండి అన్నట్టు. దాన్ని వేదిక ఎక్కించే మనిషి కండక్టర్ అనిపించుకున్నా, వాస్తవానికి సగం రచయిత. హార్నన్‌కూర్ చెల్లో కుర్చీని పూర్తిగా వదిలాక ఒపేరా థియేటర్‌లో కండక్టర్‌గా నిలబడింది 1972లో మిలాన్‌లో లా స్కాలా ఒపేరా సంస్థ వారి చిన్న రంగస్థలం మీద, మొంతెవెర్ది యులిసెస్ ఒపేరాతో. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు. ఆ తర్వాత 1975 నుంచి జ్యూరిచ్‌లో దర్శకుడు జాఁ పియేర్ పొన్నెల్‌తో కలిసి మూడు ఒపేరాలనూ వరసగా ప్రదర్శించారు. మొంతెవెర్ది పండితుల సొత్తుగా మిగిలిపోకుండా, టిక్కెట్టు కొనుక్కుని వచ్చే మామూలు ప్రేక్షకుడి సొత్తు కావడంలో ఆ ప్రదర్శనలది పెద్ద వాటా.

ఈ కాగితం కొరత మన సంగీతం తెలిసినవారికి వింతగా అనిపించదు. త్యాగరాజ కీర్తనను పుస్తకంలోని స్వరాలు మాత్రమే చూసి పాడితే ఏమొస్తుందో సంగీతం నేర్చుకునే పిల్లలకు కూడా తెలుసు. గమకం గురువు గొంతులోంచి రావాలి, సంగతుల వరుస పాఠాంతరాన్ని బట్టి మారుతుంది. అయితే మన దగ్గర ఆ గొలుసు, ఎంత సాగినా, ఎన్ని కొక్కేలు మారినా, తెగలేదు. జర్మన్ బరోక్ రచయిత బాఖ్ విషయంలో గొలుసు తెగింది. 1750లో ఆయన పోయాక అభిరుచి మారింది, వాద్యాలు మారాయి, 1829లో ఇరవై ఏళ్ల రచయిత మెండెల్సన్ బెర్లిన్‌లో, క్రీస్తు శ్రమలను గానంగా చెప్పే మత్తయి సువార్త పాషన్‌ను తిరిగి ప్రదర్శించేనాటికి అది పెద్ద కోరస్‌తో, కోతలతో, కొత్త వాద్యాలతో మరో కృతిగా మారింది. తెగిన చోట పుస్తకాలను గురువులను చేసుకోవాల్సి వచ్చింది. 1752లో క్వాంట్స్ ఫ్లూటు గురించి రాసిన గ్రంథం, 1753లో బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఎమానుయెల్ కీబోర్డు గురించి, 1756లో మోజార్ట్ తండ్రి వయొలిన్ గురించి రాసిన గ్రంథాలు ఈ పనికి ఆధారాలు. ఈ గురువులు ఒకరి మాట మరొకరు కాదంటారు, పైగా మందలించరు, సరిదిద్దరు. అందుకే ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని, ఈ పూటకు ఇలా వాయిద్దాం అని చెప్పవలసి వచ్చింది. లేని ఉద్యోగం పుట్టింది ఈ అవసరం నుంచే.

ఈ వృత్తి జీవితంలో అన్నిటికన్నా పొడవైన పని బాఖ్ మత సంబంధ కాంటాటాల, అంటే చర్చి ఆరాధన కోసం రాసిన గాన కృతుల, సంపూర్ణ రికార్డింగు. మనకు దక్కిన కాంటాటాలు దాదాపు 200. నెదర్లాండ్స్‌కు చెందిన హార్ప్‌సికార్డ్ విద్వాంసుడు గుస్తాఫ్ లెయొన్‌హార్ట్, హార్నన్‌కూర్ ఆ పనిని పంచుకున్నారు. 1971లో తొలి సంపుటం వచ్చింది, మొత్తం పూర్తి కావడానికి సుమారు 20 ఏళ్లు పట్టింది. బాఖ్ లైప్‌జిగ్ చర్చిలో ఆడవారు పాడేవారు కాదు గనుక, పై స్థాయి సోలోలను కూడా దాదాపుగా అన్నీ బాలగాయకుల చేతే పాడించారు. ఆ సంపుటాలను ఇవాళ వింటే లోపాలు దాచేవి కావు. ఊపిరి చాలక పిల్లల గొంతు వణికిన చోట్లున్నాయి, కవాటాల్లేని కొమ్మువాద్యాలు శ్రుతి తప్పిన చోట్లున్నాయి. వాటిని అప్పటి నాద సౌందర్యం అని సమర్థించడం నాకు నచ్చదు, శ్రుతి తప్పితే తప్పినట్టే. అయినా ఆ తర్వాత వచ్చిన, నున్నగా ఇస్త్రీ చేసినట్టున్న సంపుటాలు ఎన్నో విన్నాక కూడా నేను వెనక్కి వెళ్లేది వీటికే, ఎందుకంటే ఇక్కడ ప్రతి వాక్యం దగ్గరా ఎవరో ఆగి ఇది ఏమంటోంది అని అడిగినట్టు వినిపిస్తుంది.

మత్తయి పాషన్ ప్రారంభ కోరస్ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. రెండు బృందగానాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకరు చూడండి అంటారు, రెండో వారు ఎవరిని అని అడుగుతారు, పెళ్లికొడుకును అని జవాబు. మళ్లీ చూడండి, ఎలా, గొర్రెపిల్లలా. అది రచనలోనే ఉన్న సంభాషణ. 1961లో జర్మన్ కండక్టర్ ఆటో క్లెంపరర్ చేసిన మహా గంభీరమైన రికార్డింగులో ఈ ఒక్క కోరస్‌కే పదకొండు నిమిషాలకు పైగా పడుతుంది. అది కొండలాంటిది, దాని ముందు తల వంచాలనిపిస్తుంది. కానీ ఎవరిని అనే ప్రశ్న అక్కడ ప్రశ్నలా వినిపించదు, కొండ మీద మరో బండలా వినిపిస్తుంది. హార్నన్‌కూర్ దగ్గర అదే కోరస్ సుమారు ఏడు నిమిషాల్లో నడుస్తుంది, ప్రశ్న ప్రశ్నలాగే గుచ్చుకుంటుంది. వేగం ఇక్కడ గొప్ప కాదు. ఇద్దరు మాట్లాడుకునే నడక ఎంతో అంతకు దిగడమే ఇక్కడ జరిగింది.

ఇప్పుడు ఎదుటి వాదనను కూడా న్యాయంగా వినాలి. అమెరికన్ సంగీత పండితుడు రిచర్డ్ తరుస్కిన్ 1980ల నుంచి గట్టిగా చేసిన విమర్శ ఒకటుంది. చురుకైన నడక, పలచని ధ్వని, భావోద్వేగం మీద అనుమానం, ఇవి పద్దెనిమిదో శతాబ్దపు లక్షణాలు కావు, ఇరవయ్యో శతాబ్దపు ఆధునికుల అభిరుచి పాత బట్టలు కట్టుకుని వచ్చిందని ఆయన అన్నారు. ఈ విమర్శలో చాలా భాగం నిజమని నేను ఒప్పుకుంటాను. అయితే అది తగలవలసింది రికార్డు అట్టల మీద ప్రామాణికం, అసలుది అని అచ్చు వేసినవారికి. తన పని మ్యూజియం నిర్వహణ కాదని హార్నన్‌కూర్ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. చెప్పిన మాటకన్నా చేసిన పనే పెద్ద సాక్ష్యం. 1970లో మత్తయి పాషన్‌ను రికార్డు చేసినప్పుడు అందులో బాలురు, పురుషుల గొంతులు తప్ప లేవు. 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే కృతిని ఆధునిక వాద్యాల ఆర్కెస్ట్రాతో చేశారు. 2000లో మళ్లీ తన సొంత బృందంతో, పాత వాద్యాలతో రికార్డు చేసినప్పుడు సోలోలకు స్త్రీలను తీసుకున్నారు, కోరస్‌కు వియన్నాలోని ఆర్నోల్డ్ షోన్‌బెర్గ్ బృందంలోని పెద్దవాళ్లను. చరిత్రలో ఉన్నదే శాసనమని నమ్మినవాడు ఇలా చేయడు. కృతి ఏమంటోందో చెప్పగల గొంతు ఏది అన్నది ఆయన ప్రశ్న, ముప్పై ఏళ్లలో ఆయన జవాబు మారింది.

రెండో అభియోగం దీనికి సరిగ్గా విరుద్ధమైనది. బరోక్ నిపుణుడుగా పేరు తెచ్చుకుని, చివరికి అదే పెద్ద ఆర్కెస్ట్రాల వేదిక ఎక్కి బీథోవెన్, బ్రుక్నర్, వియన్నా ఫిల్హార్మనిక్ నూతన సంవత్సర వాల్ట్జులు నడిపాడని, అంటే పాత వాద్యాల ఉద్యమాన్ని అమ్ముకున్నాడని కొందరి ఫిర్యాదు. పోల్చడానికి లెయొన్‌హార్ట్‌ను చూపిస్తారు. ఆయన తన హద్దు పెద్దగా దాటలేదు, హార్ప్‌సికార్డ్, ఆర్గన్, ఎక్కువగా బాఖ్, అంతకు ముందరి వారు. 2011 డిసెంబరులో ఆఖరి కచేరీ చేసి, మరుసటి నెలలో కన్నుమూసేదాకా ఆ నిష్ఠ చెదరలేదు. 1980లో ఎరాస్మస్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని తేల్చే పని నాకు లేదు. కానీ నిష్ఠ ఒక్కటే నిజాయితీకి కొలత అనడం మాత్రం సరికాదు. హార్నన్‌కూర్‌కు బరోక్ ఒక గమ్యం కాదు, చదివే పద్ధతి. ఆ పద్ధతిని మొంతెవెర్ది దగ్గర నేర్చుకుని బీథోవెన్ దాకా తీసుకుపోవడం ద్రోహం ఎలా అవుతుంది? పైగా ఆయన బీథోవెన్‌ను, బ్రామ్స్‌ను బయటి నుంచి కొత్తగా చూసినవాడు కాదు, పదిహేడేళ్లు వాయించి విసిగినవాడు. 1990, 1991లలో గ్రాట్స్‌లో యూరప్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన బీథోవెన్ సింఫనీలలో తీగవాద్యాలన్నీ ఆధునికమైనవే, ట్రంపెట్లు మాత్రం కవాటాలు లేని పాతవి. ఆ ఒక్క ఎంపిక చూడండి. బృందం మొత్తం బిగ్గరగా వాయించేటప్పుడు ఆధునిక ట్రంపెట్ మిగతా వాద్యాలను మింగేస్తుంది, పాతది కోసుకుంటూ వినిపిస్తుంది గానీ మింగదు. ఇది సిద్ధాంతం చేసిన ఎంపిక కాదు, వెనక వరుసల్లో కూర్చుని చెవులు గింగురుమన్న వాద్యకారుడు చేసిన ఎంపిక.

ఆయనను ఉద్యోగంలోకి తీసుకున్న కరాయన్‌తో ఆయనకు తర్వాత పొసగలేదు. కరాయన్ 1989లో పోయేదాకా సాల్జ్‌బుర్గ్ వేసవి ఉత్సవంలో హార్నన్‌కూర్‌కు చోటు దొరకలేదు, 1992లో దొరికింది. ఈ కక్షల కథలు చెప్పుకోవడానికి రుచిగా ఉంటాయి గానీ వాటిలో సంగీతం తక్కువ, ఇక్కడితో వదిలేస్తాను.

ఈ దారిలో నడిచిన మిగతావారిని చూసినా నా మాటే నిలబడుతుంది. 1979లో పారిస్‌లో లేజార్ ఫ్లొరిసాఁ బృందాన్ని స్థాపించిన విలియం క్రిస్టీ అమెరికాలో పుట్టిన హార్ప్‌సికార్డ్ వాద్యకారుడు. 2000లో ల కొఁసేర్ దాస్త్రే స్థాపించిన ఎమ్మాన్యుయెల్ ఐమ్ కూడా హార్ప్‌సికార్డ్ మీది నుంచే వచ్చారు. జపాన్‌లోని కోబేలో పుట్టిన మసాఆకి సుజుకి ఆర్గన్, హార్ప్‌సికార్డ్ విద్వాంసుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తోన్ కోప్‌మన్ దగ్గర చదువుకుని, 1990లో బాఖ్ కొలీగియం జపాన్ స్థాపించి, 1995 నుంచి 2013 వరకు 55 సంపుటాల్లో మత సంబంధ కాంటాటాలన్నీ కోబేలోని ఒక మహిళా విశ్వవిద్యాలయపు ప్రార్థనామందిరంలో రికార్డు చేశారు. 2012లో లైప్‌జిగ్ నగరం తన బాఖ్ పతకాన్ని ఆయనకు ఇచ్చింది. ఎవరి సంగీతం ఎవరిది అన్న చర్చలు వచ్చినప్పుడల్లా నేను ఈ ఉదాహరణ తీస్తాను. బాఖ్ దగ్గర గొలుసు అందరికీ తెగినప్పుడు లైప్‌జిగ్‌లో పుట్టినవారికి కోబేలో పుట్టినవారికన్నా ప్రత్యేకమైన వారసత్వం ఏదీ లేదు. ఇద్దరూ పుస్తకం దగ్గరే మొదలుపెట్టాలి.

ఇప్పటి పరిస్థితి గురించి మాత్రం నాకు కొంత బెంగ ఉంది. హార్నన్‌కూర్ స్వయంగా 1973 నుంచి రెండు దశాబ్దాల పాటు సాల్జ్‌బుర్గ్‌లోని మోజార్టెయుమ్ సంగీత విద్యాసంస్థలో ప్రదర్శన పద్ధతులు బోధించారు. ఆ తరం పోరాడి తెచ్చిన ప్రశ్నలు ఇవాళ యూరప్ సంగీత కళాశాలల్లో పాఠ్యాంశాలు. వంపు కమాను, పేగు తీగలు, పాత శ్రుతి, కంపనం తక్కువ, నడక చురుకు, ఇవన్నీ మొదటి సంవత్సరంలోనే విద్యార్థి చేతికి వచ్చేస్తున్నాయి. వాయించే నైపుణ్యం 1971 నాటి బృందాల కన్నా ఎన్నో రెట్లు మెరుగు, కొమ్ములు కూడా శ్రుతిలో పలుకుతున్నాయి. కానీ జవాబులు ముందే అందినవాడు ప్రశ్న ఎందుకు వేస్తాడు? అన్ని బృందాలూ ఒకేలా చురుగ్గా, ఒకేలా శుభ్రంగా వాయిస్తుంటే, 1950ల వియన్నాలో అన్ని ఆర్కెస్ట్రాలూ ఒకేలా మర్యాదగా వాయించిన స్థితికి మనం మరో దారిన చేరుకున్నట్టే కదా. పారిస్ సంగీత కళాశాల 1795లో మొదలై వాద్యకారులందరినీ ఒకే అచ్చులో పోసిందని హార్నన్‌కూర్ విసుక్కునేవారు. ఆయన ఉద్యమమే అలాంటి ఇంకో అచ్చు తయారు చేసిందని అంటే ఆయన కాదనేవారు కాదేమో.

బరోక్ కండక్టర్‌గా ఎదగాలనుకునే యువతీయువకులకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు, శ్రోతగా మాత్రం ఒక మాట గట్టిగా అనగలను. వారి చేతి కదలికలు చూసి ముచ్చటపడటం మానేసి, వారి రిహార్సల్ ఎలా ఉంటుందో అడగాలి. హార్నన్‌కూర్ కర్ర పట్టుకునేవారు కాదు. పెద్ద కళ్లు ఇంకా పెద్దవి చేసి, ఒట్టి చేతులతో, కొంత ఎబ్బెట్టుగానే నడిపేవారు, సాంకేతికంగా ఆయన చేతి తీరు అందంగా ఉండేదని ఎవరూ అనరు. రిహార్సల్ వీడియోలు చూస్తే ఆయన చేయి ఊపే సమయం కన్నా మాట్లాడే సమయమే ఎక్కువేమో అనిపిస్తుంది. ఈ స్వరం ఎవరో తలుపు తట్టినట్టుండాలి, ఇది అబద్ధమాడుతున్న మనిషి గొంతు, ఇక్కడ అందంగా వాయించొద్దు అంటారు. కచేరీ నాటికి ఆ చేతుల అవసరం తీరిపోయి ఉండేది. ఆలీస్ 1985 వరకు ఆ బృందానికి మొదటి వయొలిన్‌గా ఉన్నారు, నిజానికి సగం నాయకత్వం ఆమె కమానుదే. ఆయన గురించి రాసిన వ్యాసాల్లో ఈ సంగతికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

2015 డిసెంబరు 5న, తన 86వ పుట్టినరోజుకు ముందు రోజు, వియన్నాలోని మూసిక్‌ఫెరైన్ సంగీత భవనంలో కచేరీకి వచ్చిన శ్రోతలకు కార్యక్రమ పత్రంతో పాటు ఆయన చేతిరాతలో ఒక ఉత్తరం అందింది. ఒంట్లో శక్తి సహకరించడం లేదని, ఇక ముందు కార్యక్రమాలు ఉండవని అందులో ఉంది. 2016 మార్చి 5న ఆయన కన్నుమూశారు. ఇలాంటి బృందాలు స్థాపకుడు పోగానే పేరున్న కండక్టర్ ఒకరిని బయటి నుంచి తెచ్చుకోవడం మామూలు. కొంసెంతుస్ మూసికుస్ అలా చేయలేదు. అందులోనే వయొలిన్ వాయిస్తున్న ఎరిక్ హోబార్ట్, ఆంద్రెయా బిషోఫ్, హార్ప్‌సికార్డ్ వాయిస్తున్న స్టెఫాన్ గోట్‌ఫ్రీడ్ కలిసి బాధ్యత తీసుకున్నారు. ముగ్గురూ ఆ బృందంలోనే, ఆయన ఎదుట కుర్చీల్లో, ఏళ్ల తరబడి కూర్చున్నవారే.